ర్యాంకు సరే, హాస్టల్ సంగతి అడిగారా?

మా అమ్మాయి నోటర్ డేమ్ అనే అమెరికా కాథలిక్కు విశ్వవిద్యాలయంలో చేరిందని తెలిసినప్పటి నుంచి ఉగాది వేడుకకు వెళ్లినా, ఎవరింట్లోనైనా సత్యనారాయణ వ్రతానికి వెళ్లినా నాకు రెండే ప్రశ్నలు ఎదురవుతున్నాయి. ర్యాంకు ఎంత? మతం మార్చరు కదా? మొదటిది అందరి ముందూ అడుగుతారు, రెండోది పక్కకు పిలిచి అడుగుతారు. అలా పిలిచినవారిలో ఒకాయన విజయవాడ ఆంధ్ర లయోలాలో చదివారు, వారి శ్రీమతి మారిస్ స్టెల్లాలో చదివారు. ఫాదర్ల దగ్గరా సిస్టర్ల దగ్గరా చదువుకున్న ఆ ఇద్దరూ ఏటా నిక్షేపంగా తిరుమల వెళ్లి వస్తున్నారు. ఆ మాటే అంటే నవ్వేసి, “అది మన ఊరండీ, ఇది అమెరికా” అన్నారు.

ఆ ఊరినీ మన ఊరినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. నోటర్ డేమ్ అంటే ఫ్రెంచిలో ‘మా అమ్మవారు’ అనే అర్థం. 1842 నవంబరులో ఎడ్వర్డ్ సోరిన్ అనే 28 ఏళ్ల ఫ్రెంచి ఫాదర్, హోలీ క్రాస్ సభకు చెందిన కొందరు బ్రదర్లతో కలిసి ఇండియానాలో ఇప్పటి సౌత్ బెండ్ పక్కన అడుగుపెట్టి, ఈ స్థలానికి ‘సరస్సు ఒడ్డు అమ్మవారు’ అని పేరు పెట్టారు. నిజానికి అక్కడున్నవి రెండు సరస్సులు. మంచు కప్పేసి ఒకటిగా కనిపించిందట. ఆ సరస్సుల ఒడ్డునే 1896లో ఫ్రాన్సులోని లూర్దు గుహకు నమూనాగా ఒక చిన్న రాతిగుహ కట్టారు. పరీక్షల ముందు రాత్రి అక్కడ కొవ్వొత్తులు పెట్టడానికి చోటు దొరకదు. మన గుణదల కొండ మీద ఉన్నదీ లూర్దు మాతే. ఫిబ్రవరి తిరునాళ్లకు వెళ్లి కొబ్బరికాయలు కొట్టి తలనీలాలు ఇచ్చి వచ్చేవారిలో హిందువులు ఎంతమందో బెజవాడ వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. అక్కడ మారనిది ఇక్కడ మారుతుందా?

అసలు అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. పిల్లలు అక్కడ ఎలా బతుకుతారు?

అమెరికా కాలేజీల్లో మగపిల్లలూ ఆడపిల్లలూ వేర్వేరుగా నడుపుకునే ఫ్రెటర్నిటీలు, సొరోరిటీలు అనే క్లబ్బులు నోటర్ డేమ్‌లో లేవు. వాటి చోటును హాళ్లు, అంటే హాస్టల్ భవనాలు ఆక్రమించుకున్నాయి. ముప్పైకి పైగా ఉన్న ఈ హాళ్లలో మగపిల్లలవి వేరు, ఆడపిల్లలవి వేరు. ఏ హాలు కావాలో కొత్తగా చేరినవారిని అడగరు, విశ్వవిద్యాలయమే కేటాయిస్తుంది. 2018లో చేరిన బ్యాచి నుంచి మూడేళ్లు క్యాంపస్‌లోనే ఉండి తీరాలన్న నియమం వచ్చింది. డబ్బున్న పిల్లలకో భవనం, లేని పిల్లలకో భవనం అన్న తేడా అక్కడ కుదరదు. ఒహాయో రైతు కూతురూ న్యూయార్క్ లాయరు కూతురూ మా అమ్మాయీ ఒకే వరండాలో ఉంటారు. ప్రతి హాలులోనూ ఒక చాపెల్ ఉంటుంది, హాలు బాగోగులు చూసే ఒక రెక్టరూ ఉంటారు. ఆయన ఫాదర్ కావచ్చు, ఆవిడ సిస్టర్ కావచ్చు, మామూలు గృహస్థులూ కావచ్చు. రెక్టర్ వేరే ఇంటి నుంచి డ్యూటీకి వచ్చిపోయే మనిషి కాదు, అదే భవనంలో కాపురం. ఆదివారం రాత్రి పూజకు పిల్లలు పైజామాలు, హవాయి చెప్పులతో దిగి వస్తారు. డిల్లన్ హాలులో గురువారం రాత్రి పూజ తరువాత మిల్క్‌షేకులు పోస్తారు. పులిహోర ప్రసాదం కోసం గుడికి వెళ్లిన బాల్యం గలవాణ్ని, నేను వాళ్లను తప్పుపట్టలేను.

ఫిషర్ హాలువాళ్లు ఏటా వసంతకాలంలో పడవ పందెం పెడతారు. హాళ్లవాళ్లు చెక్కలూ డబ్బాలూ తాళ్లూ పోగేసి సొంతంగా పడవ కట్టి సెయింట్ మేరీస్ సరస్సులో దింపాలి. మా అమ్మాయి హాలు పడవ ఒడ్డు నుంచి పది గజాలు వెళ్లి ఒక పక్కకు ఒరిగి, చాలా మర్యాదగా మునిగిపోయింది. తడిసి ముద్దయిన ఆరుగురు పిల్లలు ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నవ్వుతున్న ఫొటో మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఉంది. ర్యాంకుల పట్టికలో దీనికి గడి లేదు.

అన్నీ నాకు నచ్చాయని కాదు. ఖర్చు ఏడాదికి 80 వేల డాలర్లు దాటుతుంది. కుటుంబ స్తోమతను బట్టి సాయం బాగానే చేస్తారు గానీ, మనలో చాలామంది ఆ సాయానికి అందనంత సంపాదిస్తూ, ఆ ఖర్చుకు చాలనంత దాస్తున్నాం. ప్రవేశాల్లో పూర్వ విద్యార్థుల పిల్లలకు మొగ్గు ఉంది. నాకది మన పాత జమీందారీ వాసన కొడుతుంది. పెరైటల్స్ అనే నియమం ప్రకారం ఆడపిల్లల హాళ్లలో మగపిల్లలు, మగపిల్లల హాళ్లలో ఆడపిల్లలు మామూలు రోజుల్లో అర్ధరాత్రి దాటి, వారాంతంలో రెండు దాటి ఉండకూడదు. ఈ సంగతి చెప్పగానే మనవాళ్ల మొహాలు వెలిగిపోతాయి. మన ఇంట్లో మాట్లాడడానికి మొహమాటపడే విషయాన్ని ఒక ఫాదర్ చేత కాపలా కాయించుకుందామన్న ఆశ అది. నాకు నచ్చదు.

ఫుట్‌బాల్ గురించి చెప్పను, అది అక్కడ రెండో మతం. 77 వేలమంది పట్టే స్టేడియం ఉందంటే చాలు.

మెయిన్ బిల్డింగ్ మాత్రం చూడాలి. 1879 ఏప్రిల్‌లో పాతది కాలిపోతే, ఆ సెప్టెంబరులో తరగతులు మొదలయ్యేసరికి కొత్తది లేపారు. బంగారు గుమ్మటం తరువాత వచ్చింది. లోపలి గోడల మీద 1880లలో లూయీజీ గ్రెగోరీ వేసిన కొలంబస్ చిత్రాలు 12 ఉన్నాయి. నేటివ్ అమెరికన్లను కించపరుస్తున్నాయన్న విమర్శ ఏళ్లతరబడి నడిచింది. వాటిని కప్పేస్తామని 2019లో అప్పటి విశ్వవిద్యాలయ అధ్యక్షుడు ఫాదర్ జెంకిన్స్ ప్రకటించారు. తొలిసారి విన్నప్పుడు, ఇండియాకి దారి తప్పినవాడి పాపానికి అసలు ఇండియన్లం మేమేమనాలి అని నవ్వుకున్నాను. తరువాత నవ్వు రాలేదు. ఆ నేల పొటావటోమీలనే నేటివ్ అమెరికన్ తెగవాళ్లది. 1924 మేలో సౌత్ బెండ్‌కు వచ్చిన క్లూ క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి దురహంకార ముఠాను అడ్డుకున్నదీ ఇక్కడి విద్యార్థులే. కాథలిక్కులు ఈ దేశానికి పరాయివాళ్లని క్లాన్ అనే రోజులవి. అధ్యక్షుడిగా 1952 నుంచి 1987 దాకా ఉన్న ఫాదర్ హెస్‌బర్గ్ 1964లో షికాగో సోల్జర్ ఫీల్డ్‌లో మార్టిన్ లూథర్ కింగ్ చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఫొటో చాలామంది చూసే ఉంటారు. మనకు ముందు పరాయివాళ్లన్న మాట పడ్డవాళ్ల చరిత్ర ఇది, పిల్లలు చదవాలి.

ఇక్కడి మన తెలుగు సంఘం ఏటా వేసవిలో కాలేజీ సదస్సు పెడుతుంది. కౌన్సెలర్ వస్తారు, ర్యాంకుల స్లైడ్లు చూపిస్తారు, సమోసాలు తిని వస్తాం. ఈసారి హాళ్లలో బతికి వచ్చిన నలుగురు పిల్లలను కూర్చోబెట్టి మాట్లాడించమని కార్యవర్గానికి నా విన్నపం. కాథలిక్కు కాలేజీ పిల్ల ఒకరు, ప్రభుత్వ విశ్వవిద్యాలయం పిల్లవాడు ఒకడు, ఎవరైనా సరే. తల్లిదండ్రులు కింద కూర్చుని వినాలి.

ఇక మతం సంగతి. అక్కడ ఎవరైనా సరే థియాలజీలో రెండు కోర్సులు చదవాలి, ఫిలాసఫీ కూడా చదవాలి. పదిమంది అండర్‌గ్రాడ్యుయేట్లలో దాదాపు ఎనిమిదిమంది కాథలిక్కులు. అలాంటిచోట మా అమ్మాయిని ఇంతవరకు మతం మారమని ఎవరూ అడగలేదు. అడిగింది ఒక్కటే. గుహ దగ్గర కొవ్వొత్తి వెలిగిస్తూ రూమ్మేట్, “మీరూ దీపం పెడతారు కదా, ఎందుకు?” అందట. రాత్రి పదకొండుకు నాకు ఫోను. నేను జ్ఞానం, అజ్ఞానం అంటూ ఏదో మొదలుపెట్టి మధ్యలో తడబడ్డాను. నాయనమ్మను అడగమన్నాను.

తెనాలిలో మా అమ్మ వీడియో కాల్‌లో మనవరాలి ప్రశ్న రెండుసార్లు చెప్పించుకుని విన్నది. “చీకటి పడింది కదమ్మా, పెట్టకపోతే ఎలా?” అన్నది.