మా ఇంటి పాముల మేడకు దాని వాచ్‌మన్ రాసుకొను విన్నపం

మహారాజశ్రీ మూడంతస్తుల పాముల మేడ గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేం నలుగురం క్షేమం. అక్కడ, అంటే హాలు దాటాక ఎడమచేతి గదిలో, మా పెంపుడు పాముల కోసం నేను చెక్కతో కట్టిన తమరు క్షేమంగా ఉన్నారని, వేడిని అదుపులో పెట్టే మూడు థర్మోస్టాట్లు, ఆరు థర్మామీటర్లు గంటగంటకీ నా ఫోన్‌కి చెబుతూనే ఉన్నాయి. మా అమ్మ బీపీ ఎంతని అడిగితే తడుముకుంటాను. తమరి కింది అంతస్తులో కుడి మూల వేడి ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. 89 ఫారెన్‌హీట్.

చీమలు పెట్టిన పుట్ట పాముల పాలవుతుందని చిన్నప్పుడు వింటే అదేదో పోలిక అనుకున్నాను. డల్లాస్ పక్కన, 30 ఏళ్ళ వాయిదాల మీద, అక్షరాలా జరుగుతుందని ఎవరూ చెప్పలేదు.

తమరి పుట్టుపూర్వోత్తరాలు ఒకసారి గుర్తు చేస్తాను. మావాడికి పదకొండేళ్ళు. కుక్కపిల్లను అడుగుతాడేమోనని భయపడుతుంటే బాల్ పైథాన్ అడిగాడు. ఆఫ్రికా పాము, విషం లేదు, భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుంటుంది, 20 నుంచి 30 ఏళ్ళు బతుకుతుంది అని గడగడా చెప్పాడు. ఆ చివరి ముక్క నేను సరిగ్గా వినలేదు. ఇంటి అప్పూ పామూ దాదాపు ఒకేసారి తీరతాయన్నమాట. తర్వాత ఊరు మారుతున్న ఒక స్నేహితుడు తన పైథాన్‌ని మాకు ఇచ్చేసి వెళ్ళాడు. ఆ తర్వాత కార్న్ స్నేక్ పిల్ల ఒకటి వచ్చింది. మా అమ్మ దాన్ని ‘మొక్కజొన్న’ అంటుంది. పాములకి ఉమ్మడి కాపురం పడదు, ఒక్కోదానికి ఒక్కో ఇల్లు కావాలి. మూడు గాజు తొట్లు గది నేలంతా ఆక్రమించాక మా ఆవిడ, “ఏమండీ, కాలు పెట్టడానికి చోటుంచుతారా, నన్ను కూడా తొట్టెలో పెడతారా?” అంది.

నేను బీటెక్ సివిల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ చదువుకి పని దొరికింది. నేల చాలకపోతే ఏం చేస్తారు? పైకి కడతారు. హైదరాబాద్ అంతా అలాగే పెరగలేదా? ఒక్కో అంతస్తు నాలుగడుగుల పొడవు, రెండడుగుల లోతు, అడుగున్నర ఎత్తు. కింది ఇంటి కప్పే పై ఇంటి నేల. అలా రెండు చెక్కలు ఆదా చేశానని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తమరు అప్పటికి కాగితం మీదే ఉన్నా, అప్పుడే నన్ను చూసి నవ్వుకుని ఉంటారు.

ప్లైవుడ్ షీటు నాలుగు బై ఎనిమిది అడుగులు. రెండడుగుల ముక్కలు నాలుగు రావాలి. లెక్క సరిపోయింది. కానీ రంపానికి కూడా కమిషన్ ఉంటుంది మహాప్రభూ! ఒక్కో కోతకి అంగుళంలో ఎనిమిదో వంతు పొట్టుగా పోతుంది. మూడు కోతలకి నాలుగో ముక్క పొట్టిదైంది. పైగా ముప్పావు అంగుళం అని అమ్మే ప్లైవుడ్ నిజానికి అంత మందం ఉండదు, కాస్త తక్కువ. మా పాత ఫ్లాట్ బిల్డర్ చెప్పిన చదరపు అడుగులు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. అన్నిటికన్నా ఘోరం, మధ్య పలకలు పక్క గోడల లోపల కూర్చోవాలి కదా, వాటి పొడవు 46న్నర అంగుళాలే ఉండాలి. నేను కోత జాబితాలో అన్నిటికీ 48 అని రాసిచ్చాను. తమరి పలకలు తమరిలోనే పట్టలేదు. రంపం తిప్పినవాడు పాపం ఒకసారి నా మొహం చూశాడు. “సరిగ్గానే రాశారా?” అన్నాడు. “నేను సివిల్ ఇంజినీర్ని” అన్నాను.

మెలమైన్ బోర్డు, అంటే పైన నున్నటి పూత ఉన్న చెక్కపొట్టు బోర్డు, కొనమని కొందరన్నారు. తళతళలాడుతుంది, కానీ షీటు బరువు 100 పౌండ్ల దగ్గర ఉంటుంది, కోసిన అంచుకి తడి తగిలితే పూరీలా పొంగుతుంది. పైథాన్ ఇంట్లో గాలి తేమ 60 శాతం దాటి ఉండాలి. పీవీసీ షీట్లు తేలిక, తడికి లొంగవు, ధర వింటే మనమే లొంగిపోతాం. అందుకే ప్లైవుడ్‌కి తడిని ఆపే పాలీయురెథేన్ పూతలు వేసి, మూలల్లో సిలికాన్ జిగురు దిద్దాను. సిలికాన్ ఆరేటప్పుడు వెనిగర్ వాసన కొడుతుంది. రెండు రోజులు మా అమ్మ వంటింట్లో ఆవకాయ జాడీలన్నీ మూత తీసి వాసన చూసుకుంది, ఏది పాడైందోనని.

ఇక తలుపులు. జరిపే గాజు తలుపులకి పైన లోతు గాడి, కింద తక్కువ లోతు గాడి ఉండాలి. గాజుని పైకెత్తి, కిందికి దించి కూర్చోబెట్టాలి. నేను తలకిందులుగా బిగించాను. గాజు ఎటు తిప్పినా ఎక్కదు. అరగంట గాజునే తిట్టాను. మా ఆవిడ అటుగా వెళ్తూ, “పైది కిందికి, కిందిది పైకి వేస్తే?” అని కాఫీ కప్పుతో వెళ్ళిపోయింది. అదే పరిష్కారం. ఈ విషయం తమరు ఎక్కడా చెప్పకండి.

మొత్తానికి తమరు నిలబడ్డారు. పునాదితో కలిపి అయిదడుగుల మూడంగుళాలు. మా ఆవిడ ఎత్తు కూడా అంతే. యాదృచ్ఛికమేనని ఆవిడకి ఇప్పటికీ నమ్మకం లేదు.

పాముల్ని వెంటనే దించకుండా వారం రోజులు ఖాళీగా వేడి నడిపి చూడటం ఒక్కటే నేను చేసిన తెలివైన పని. పాముకి ఒంట్లో పొయ్యి ఉండదు. వేడి కావాలంటే వెచ్చటి మూలకి, చల్లబడాలంటే అవతలి మూలకి నడుస్తుంది. అందుకే ఒక పక్క 90 దాకా, రెండో పక్క 78 దగ్గర ఉండాలి. మొక్కజొన్నకి ఇంకాస్త తక్కువైనా చాలు. నేనేమో అందం కోసం కింది ఇంటి హీటర్ కుడివైపు, మధ్య ఇంటి హీటర్ ఎడమవైపు, ఒకటి విడిచి ఒకటి పెట్టాను. కింది హీటర్ దాని కప్పుకే బిగించి ఉంది. ఆ కప్పు ఎవరి నేల? మధ్య ఇంటి చల్లటి మూల! అది పెనంలా కాలింది. థర్మోస్టాట్ తీగ మాత్రం వేడి మూలలో కూర్చుని ‘అంతా సవ్యం’ అని రిపోర్టు పంపుతోంది. కలెక్టర్ వచ్చే వీధి ఒక్కటే ఊడ్చినట్టు.

రెండు చెక్కలు ఆదా చేసినవాణ్ణి ఇంకో రెండు చెక్కలు కొన్నాను. హీటర్లన్నీ ఒకే వైపుకి మార్చి, పలకల మీద రెండంగుళాల బద్దలు పేర్చి, వాటిమీద ఇంకో నేల వేశాను. మధ్యలో గాలి, వైర్లు, వెనక తెరిచిన సందు. కిందింటి వేడి ఆ సందులోంచి బయటికి పోతుంది. కప్పుకి కప్పు, నేలకి నేల. పాములకి ఇచ్చిన ఈ మర్యాద మా పాత ఫ్లాట్‌లో మాకు దొరకలేదు. పై ఇంటివాళ్ళు రోట్లో నూరితే మా ఫ్యాన్ ఊగేది.

తమరిని చూసి మా అమ్మ ఏమందో తెలుసా? “మా తెనాలిలో పాములవాడు మూడు బుట్టలు ఒకదానిమీద ఒకటి పెట్టి తాడుతో కట్టి భుజాన తెచ్చేవాడు, దీనికింత హడావుడా?” అంది. నిజమే, ఆ బుట్టకి థర్మోస్టాట్ లేదు. కోరలు పీకేసిన ఆ పాములు ఎన్నాళ్ళు బతికేవో అమ్మ ఎప్పుడూ అడగలేదు, నేనూ అడగలేదు. తమరినే తెనాలిలో కట్టి అందులో జెర్రిపోతుని పెడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం కింద నన్ను పెట్టడానికి వేరే మేడ ఉంది, దానికి జరిపే తలుపులుండవు.

నాగుల చవితి నాడు అమ్మ పొద్దున్నే తలస్నానం చేసి తమరి గడపకి పసుపు రాసి, చిమ్మిలి, చలిమిడి, వడపప్పు పెట్టింది. పాలగిన్నె చూసి నేను అడ్డుపడ్డాను, పాములు పాలు తాగవు, వాటికి అరగవు అని. “పుట్టలో పోస్తే పుట్ట తాగుతుందిరా, పాము ఎప్పుడు తాగింది? నాకు తెలీదనుకున్నావా?” అంది. ఫ్రీజర్‌లో గోంగూర పక్కన ఉన్న ఎలకల డబ్బా సంగతి ఆవిడకి ఇంకా తెలియదు. తమరు నోరు విప్పొద్దు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు రాస్తున్నాను. మొన్న మంగళవారం మధ్య ఇల్లు ఖాళీ. గాజు తలుపులు రెండూ ఒకదాని వెనక ఒకటి జరిగే చోట సన్నటి సందు ఉంటుంది. పైథాన్‌కి అది గోడ, మొక్కజొన్నకి సింహద్వారం. రెండు రాత్రులు ఫ్రిజ్ వెనక, సోఫా కింద, బూట్లలో టార్చి వేసి వెతికాం. టెన్షన్‌తో మా ఆవిడ మంచం కాళ్ళు నాలుగూ నీళ్ళ గిన్నెల్లో పెట్టింది, అది చీమలకి చేసే చిట్కా అని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. మూడో రోజు వైరు మారుద్దామని తమరి వెనక చెయ్యి పెడితే, ఆ రెండంగుళాల సందులో, కిందింటి హీటర్ సరిగ్గా పైన, నున్నగా తగిలింది ఒక తోక.

నాలుగడుగుల ఇల్లు, నీళ్ళ తొట్టి, ప్లాస్టిక్ చెట్టు, రెండు గుహలు ఇచ్చాను. అది ఎంచుకున్నది నేను ఎవరికీ కేటాయించని సందు! ఇరుకు, చీకటి, ఒంటికి ఆనుకునే కప్పు, ఉచితంగా వేడి. బయటికి తియ్యాలంటే నేల ఊడదియ్యాలి, నేల ఊడాలంటే నా సిలికాన్ గీరాలి. నేను కత్తి పట్టుకుని కూర్చుంటే అమ్మ వెనక నిలబడి, “పాపం, ఇన్నాళ్ళకి దానికి పుట్ట దొరికితే ఎందుకురా లాగుతావు?” అంటోంది.

కాబట్టి ప్రార్థించేదేమనగా, ఇకమీదట తమరిలో ఎన్ని అంతస్తులున్నాయో ముందుగానే నాకు తెలియజేయగలరు. తలుపు సందుకి రబ్బరు పట్టీ వేశాను, తాళం కూడా వేశాను. సందు వెనక జాలీ కొట్టడం ఈ శనివారం.

ఇట్లు,
తమరి విధేయుడు, కాంట్రాక్టరు మరియు వాచ్‌మన్

తా.క.: నిన్న సాయంత్రం మావాడు స్టూలెక్కి, తమరి నెత్తికీ గది కప్పుకీ మధ్య ఖాళీని టేపుతో కొలుస్తున్నాడు. ఎంతుందని అడిగితే మూడు అంగుళాలే అని చెప్పండి.