బంగాళదుంప కూరితే అది ఆంధ్రా మిర్చి బజ్జీ అవ్వదు

అరగంట కిందట హైదరాబాద్‌లో ఒక హోటల్లో "ఆంధ్రా మిర్చి బజ్జీ" ఆర్డర్ ఇస్తే ఏం తెచ్చారో తెలుసా? లోపల ఉడికించిన బంగాళదుంప ముద్ద, పక్కన గిన్నెలో టమాటా కెచప్. వాము లేదు, చింతపండు లేదు, చివరికి ఉల్లిపాయ ముక్క కూడా లేదు. ఇదేంటని అడిగితే "అన్నీ ఒకటేనండీ" అన్నారు. ఆ మాటకే మండిపోతోంది.

ఒకటి కాదు. బంగాళదుంప కూరిన మిర్చిని జోధ్‌పూర్‌లో మిర్చీ వడా అంటారు. అక్కడివాళ్లకి అదంటే ప్రాణం, రుచిగా కూడా ఉంటుంది. ఆ పేరుతోనే అమ్మండి, ఆనందంగా తింటాం. దానికి మన పేరు తగిలించడం ఎందుకు?

గుంటూరు, విజయవాడ వైపు బజ్జీకి వామే ప్రాణం. లేత ఆకుపచ్చగా, పొడుగ్గా, కాస్త కండ ఉన్న కాయ కావాలి. తొడిమ తియ్యకూడదు, పిండిలో ముంచేటప్పుడు పట్టు దొరికేది దానితోనే. గాటు ఒకవైపే పెట్టాలి, చివర అర అంగుళం వదిలెయ్యాలి. గింజలు దులిపేస్తే కారం పోతుందనుకుంటారు చాలామంది. కారం ఉండేది గింజలు అంటుకుని ఉన్న తెల్లటి ఈనెలో, చెంచా కాడతో గీకాల్సింది దాన్ని. పదిహేను కాయలకి చెంచాన్నర వాము అరచేతిలో నలిపి, తగినంత ఉప్పు, మూడు చెంచాల చిక్కటి చింతపండు గుజ్జు, ముద్ద కట్టేందుకు కొంచెం సెనగపిండి కలపాలి. దాన్ని కాయ లోపలి గోడలకి పట్టించాలంతే, కుక్కకూడదు. కుక్కితే గాటు నోరు తెరుచుకుంటుంది, నూనె లోపలికి పోతుంది, మొదటి కొరుకుకే నూనె గడ్డం మీదికి కారుతుంది.

తెలంగాణకి వస్తే లెక్క మారిపోతుంది. చింతపండు గుజ్జులో వేయించిన నువ్వులు, పల్లీల పొడి, జీలకర్ర పడతాయి, కొందరు ఎండు కొబ్బరి కూడా వేస్తారు. అక్కడ దాన్ని చాలామంది బజ్జీ అని కూడా అనరు. మిర్చీ. "నాలుగు మిర్చీలు కట్టు" అంటే చాలు, పొడుగ్గా కోసిన పచ్చి ఉల్లిపాయతో పొట్లం చేతికొస్తుంది. ఇక కట్ మిర్చీ దగ్గర మోసం ఎక్కువ. చల్లారి మెత్తబడ్డ పాత మిర్చీని ముక్కలు చేసి గోరువెచ్చటి నూనెలో వేడి చేసి ఇస్తారు. అలా కాదు చేసేది. మొదటిసారి ముప్పావు వంతు వేగి రంగు రాకముందే తీసెయ్యాలి. పది నిమిషాలు వదిలేస్తే కాయలో ఉన్న తేమ పైపొరకి వస్తుంది. అప్పుడు అంగుళం ముక్కలు కోసి బాగా కాగిన నూనెలో వేస్తే ఆ తేమ ఎగిరిపోయి కరకరలాడుతుంది. నూనె చల్లగా ఉంటే తేమ పోవడం అటుంచి నూనె లోపలికి ఎక్కుతుంది.

పిండి సంగతి కూడా చెప్పాలి, ఎక్కువమంది చెడగొట్టేది అక్కడే. పావుకిలో సెనగపిండికి మూడు పెద్ద చెంచాల బియ్యప్పిండి, ఉప్పు, కాస్త కారం, ఒక్క చిటికెడు వంటసోడా. నీళ్లు గ్లాసున్నర దాకా పడతాయి, కానీ ఒక్కసారే పొయ్యకూడదు. ముందు గట్టిగా కలిపి ఉండల్లేకుండా గిలక్కొట్టి, తర్వాత పల్చన చేసుకోవాలి. వేలు ముంచి తీస్తే చర్మం కనపడకూడదు, పిండి బొట్లుబొట్లుగా జారాలి. పల్చనైతే కాయ మీద నిలవదు, చిక్కనైతే లోపల పచ్చిగా ఉండిపోతుంది. ఉబ్బుతుందని సోడా ఎక్కువేస్తారు చూడండి, ఆ బజ్జీ స్పంజిలా నూనె తాగుతుంది, ఎర్రబడుతుంది, నోట్లో సబ్బు రుచి వస్తుంది. కాయ తడిగా ఉంటే పిండి తొడుగు మొత్తం ఊడి మూకుట్లో తేలుతుంది. పొడిగుడ్డతో తుడవడానికి రెండు నిమిషాలు పట్టదు, అయినా తుడవరు!

అమెరికాలో ఉన్న మనవాళ్లు షికాగో హాట్ డాగ్ తినే ఉంటారు. గసగసాల బన్ను, పసుపురంగు మస్టర్డ్, కళ్లు చెదిరే పచ్చటి రెలిష్ (ఊరబెట్టిన దోసకాయ తురుము), ఉల్లిపాయ, టమాటా, ఊరబెట్టిన దోసకాయ ముక్క, స్పోర్ట్ పెప్పర్స్ అనే ఊరబెట్టిన చిన్న మిరపకాయలు, పైన సెలెరీ ఉప్పు. పెద్దవాళ్లు దానిమీద కెచప్ అడిగితే అక్కడ మొహం మీదే అనేస్తారు. డిట్రాయిట్ వాళ్ల కోనీ హాట్ డాగ్ వేరు, చిల్లీ అనే మాంసం కూర, మస్టర్డ్, ఉల్లిపాయ. న్యూయార్క్ బండి మీద పుల్లబెట్టిన క్యాబేజీ, టమాటా రంగు ఉల్లిపాయ కూర. టూసాన్‌లో సోనోరన్ హాట్ డాగ్ అయితే బేకన్ చుట్టి, చిక్కుడుగింజలు వేసి ఇస్తారు. ఒక ఊరి పేరు పెట్టి ఇంకో ఊరి సరుకు అమ్మితే వాళ్లు ఊరుకోరు. ఆ పట్టు మనకెందుకు లేదు? ఇంకో రాష్ట్రం వాళ్ల బజ్జీని మన పేరుతో పెడితే ఫొటో తీసి "యమ్మీ" అని పెట్టేస్తాం.

అన్నట్టు "గుంటూరు మిర్చి బజ్జీ" అనే బోర్డు కూడా తప్పుదోవ పట్టించేదే. గుంటూరు మిర్చి యార్డుకి పేరు తెచ్చింది ఎండుమిర్చి. సన్నం రకం సన్నటి కాయ, ఎండబెట్టి కారం కొట్టుకోవడానికి. దాన్ని పచ్చిగా బజ్జీ వేస్తే కండ ఉండదు, కారం తట్టుకోలేరు. బజ్జీ కాయ రకమే వేరు. అమెరికాలో చేసుకునేవాళ్లు హలపీన్యోలు కూరకండి, తోలు మందం, కారమూ ఎక్కువే. బనానా పెప్పరో, అనహైమో తీసుకోండి.

వీటన్నిటికంటే నాకు పాత మంట ఇంకోటుంది. ఉగ్గాణి, అంటే తాలింపు వేసిన బొరుగులు (మరమరాలు). అనంతపురం, కర్నూలు వైపు బజ్జీ ఒక్కటే తినరు, ఉగ్గాణితో తింటారు. దాన్ని మెనూల్లో "పఫ్డ్ రైస్ ఉప్మా" అని రాస్తున్నారు. ఉప్మా ఎలా అవుతుందండీ? ఉప్మాలో రవ్వ నీళ్లలో ఉడుకుతుంది. ఉగ్గాణిలో ఉడకడమనే పనే లేదు. బొరుగుల్ని నీళ్లలో ముంచి, మెత్తబడగానే గుప్పిళ్లతో గట్టిగా పిండాలి. నిమిషం ఎక్కువ నాన్చారా, ముద్ద. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పసుపు తాలింపులో పడేసి, వేడెక్కగానే దించెయ్యాలి. పుట్నాలు, ఎండు కొబ్బరి, వెల్లుల్లి వేసి కొట్టిన పొడి పొయ్యి కట్టేశాకే చల్లాలి. ముందే వేస్తే అది తేమ పీల్చుకుని ఉండలు కడుతుంది. చివర్లో నిమ్మకాయ. బళ్లారి వాళ్లదీ ఇదే అలవాటు, దావణగెరెలో మండక్కీ (బొరుగులు) మిర్చీ లేకుండా సాయంత్రం గడవదు. వాళ్లెవరూ దాన్ని ఉప్మా అనరు.

విశాఖ బీచ్‌లో మురీ మిక్చర్ పక్కన టమాటా బజ్జీ చీల్చి, ఉల్లిపాయ, కారప్పూస కూరి, నిమ్మకాయ పిండి ఇస్తారే, చిన్నప్పుడు దానికోసం ఇసకలో ఏడ్చి దొర్లిన పిల్లలెంతమంది! రేపు దాని పేరు "స్టఫ్డ్ టమాటో ఫ్రిటర్స్" అయితే ఆ పిల్లలు పెద్దయ్యాక ఏమని అడగాలి?

ఈసారి ఎక్కడైనా ఆంధ్రా మిర్చి బజ్జీ అని చెప్పి బంగాళదుంప పెడితే తినకండి, వెనక్కి పంపండి. కెచప్ గిన్నె కూడా పంపించెయ్యండి. ఉల్లిపాయ ముక్కలు, నిమ్మచెక్క అడగండి. ఉగ్గాణి ఉందా అని కూడా అడగండి, ఆ పేరుతోనే.