వర్గమూలాన్ని ముందు అంచనా వేయనివ్వండి

వర్గమూలం అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది లెక్క కాదు, గీతల బొమ్మ. అంకెలను జతలుగా విడగొట్టడం, ఎడమ పక్క నిలువు గీత, వచ్చినదాన్ని రెట్టింపు చేసి పక్కన ఒక ఖాళీ వదలడం, పైనుంచి రెండేసి అంకెలు దించుకోవడం. రెట్టింపు ఎందుకు? ఏ ప్లస్ బీ హోల్ స్క్వేర్‌లో వచ్చే టూ ఏబీయే అదని స్కూలు వదిలిన చాలా ఏళ్లకు గానీ నాకు తెలియలేదు.

ఈ భాగహార పద్ధతిని పాఠంలో ముందు పెట్టడమే తప్పంటాను. ముందు రావాల్సింది అంచనా.

50నే తీసుకోండి. ఏడేడులు 49 కాబట్టి జవాబు 7కి కాస్త పైన ఉంటుంది. 50ని 7తో భాగిస్తే 7.1428. అంటే 7 పొడవు, 7.1428 వెడల్పు ఉన్న దీర్ఘచతురస్రం వైశాల్యం 50 అన్నమాట. మనకు కావాల్సింది చతురస్రం. ఒక భుజం తక్కువైతే రెండోది ఎక్కువై తీరాలి, కాబట్టి అసలు జవాబు ఈ రెంటి మధ్యే ఉంది. సగటు కట్టండి: 7.0714. మూడు దశాంశ స్థానాలు అప్పుడే సరిపోయాయి. ఈ కొత్త సంఖ్యతో అదే పని ఇంకోసారి చేస్తే 7.07106782 వస్తుంది. ఈసారి ఏడు స్థానాలు సరి!

మొదటి అంచనా మరీ అడ్డదిడ్డంగా ఉన్నా ఫర్వాలేదు. 10తో మొదలుపెట్టండి. 50ని పదితో భాగిస్తే 5, సగటు 7.5. తర్వాతది 7.083, ఆ తర్వాత 7.07108. పొరపాటును లెక్కే దిద్దుకుంటోంది. గీతల పద్ధతిలో మధ్యలో ఒక్క అంకె తప్పితే ఆ కిందంతా వృథా.

ఘనమూలానికీ ఇదే ఊహ పనిచేస్తుంది. 30కి ఘనమూలం కావాలంటే 3, 3 భుజాలుగా పెట్టుకుని మూడో భుజం ఎంతో చూడండి: 30ని 9తో భాగిస్తే 3.333. మూడింటి సగటు 3.111. అసలు విలువ 3.107. గీతల పద్ధతిలో ఘనమూలం తీయమంటే మాస్టారికే చెమటలు పడతాయి.

ఇదేమీ కొత్త కిటుకు కాదు. ఒకటో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన హెరాన్ 720కి మూలం ఇలాగే కట్టాడు. 27తో మొదలుపెట్టి 26 5/6కి వచ్చాడు. దాని వర్గం 720 కన్నా 1/36 మాత్రమే ఎక్కువని చూపి, ఆ తేడాను ఇంకా తగ్గించే దారీ చెప్పాడు.

భాగహార పద్ధతిలో ఒకసారి వచ్చిన అంకె మళ్లీ మారదు, పెద్ద భాగహారాల బెడదా ఉండదు అంటారు. నిజమే. అంకె తర్వాత అంకెగా మూలం తీసే దారిని ఆర్యభటుడు 499లోనే చెప్పాడని గుర్తుచేస్తారు. అదీ నిజమే. నేర్పండి, కానీ రెండో పాఠంగా.

అసలు జబ్బు వేరే ఉంది. మన క్లాసు గదుల్లో ‘సుమారు’ అనే మాట ఓటమి కింద లెక్క. 50కి వర్గమూలం కరణీయ సంఖ్య, దాని దశాంశాలకు అంతు లేదు. ఏ పద్ధతిలో తీసినా ఎక్కడో ఆగక తప్పదు కదా. అదే ఆర్యభటుడు 20000 వ్యాసమున్న వృత్తానికి చుట్టుకొలత 62832 అని చెప్పి, పక్కనే ‘ఆసన్న’ అన్నాడు, అంటే దగ్గరిది అని. పై (π) విలువను 3.1416 దాకా తెచ్చిన మనిషి ఆ మాట చెప్పడానికి సిగ్గుపడలేదు. మనం మాత్రం పిల్లలు అంచనా వేస్తే మార్కులు కోస్తాం. జవాబు అసలు దానికి ఎంత దూరంలో ఉంది అన్న ప్రశ్న, లెక్కలో అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న, పరీక్షలో కనిపించదు.

తొమ్మిదో తరగతిలో 50కి వర్గమూలం సుమారు 7.1 అని రాశాను. మాస్టారు ఎర్ర ఇంకుతో కొట్టేసి, పక్కన 7.07 అని రాసి, కింద సున్నా వేశారు. 7.07 వర్గం 49.9849. అదీ 50 కాదు.