ఆ "కూడా" తీసేయండి

శనివారం రాత్రి నుంచి ఒక మాట ములుకులా గుచ్చుకుంటోంది. "ఈ వయసులో కూడా ఎంత బాగా వాయిస్తున్నారండీ!" అన్నవాళ్ళు మెచ్చుకోవాలనే అన్నారు, కాదనను. అన్నది మన తెలుగువాళ్ళే. అనిపించుకున్నది 70 దాటిన ఇద్దరు జాజ్ గిటారిస్టులు. బెంగళూరు ఇందిరానగర్‌లో 100 అడుగుల రోడ్డు నుంచి లోపలికి తిరిగితే వచ్చే చిన్న క్లబ్ అది, కిక్కిరిస్తే 60 మంది పడతారు. డ్రమ్స్ లేవు, బాస్ లేదు. రెండు గిటార్లు, శబ్దం పెంచే రెండు చిన్న ఆంప్‌లు, రెండు కుర్చీలు.

నాతో మా మేనమామ వచ్చాడు. ఆయనది తెనాలి. 40 ఏళ్ళు పద్యనాటకాలకి హార్మోనియం వాయించాడు. కంటి ఆపరేషన్‌కని బెంగళూరు వచ్చి మా ఇంట్లోనే ఉన్నాడు. ఆపరేషన్ అయి నెల దాటింది, చూపు శుభ్రంగా వచ్చింది. జాజ్ ఎప్పుడూ వినలేదు. "పెద్దవాళ్ళు వాయిస్తున్నారు, వస్తావా మామయ్యా?" అంటే చొక్కా మార్చుకుని బయల్దేరాడు. అదృష్టంకొద్దీ ముందు బల్ల దొరికింది. ఆంప్‌లోంచి స్వరం రావడం ఒక ఎత్తు, తీగ మీద పిక్ (మీటే బిళ్ళ) తగిలిన చిన్న టిక్కుమనే చప్పుడు విడిగా వినిపించడం ఒక ఎత్తు. అంత దగ్గర.

ఇద్దరిలో పెద్దాయన ఎడమచెయ్యి చూశాను. ఉంగరం వేలు కణుపు దగ్గర వాచి, పక్కకి ఒరిగిపోయి ఉంది. ఆ వేలిని దాదాపు వాడటం లేదు. గిటార్ మీద ఒకే స్వరం మూడు నాలుగు చోట్ల దొరుకుతుంది. సన్న తీగ మీద తల దగ్గర పట్టుకోవచ్చు, లావు తీగ మీద ఇంకా కిందికి దిగి అదే స్వరాన్ని పట్టుకోవచ్చు. వాచిన వేలికి అందని స్వరాల్ని ఆయన వేరే తీగ మీద, వేరే మెట్టు దగ్గర, మిగతా వేళ్ళతో అందుకుంటున్నాడు. అలా చోటు మారితే స్వరం గొంతు కూడా మారుతుంది. లావు తీగ మీద మోగితే కొంచెం బొంగురుగా, నిండుగా ఉంటుంది, దగ్గరివాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడినట్టు. ఆ రాత్రి నన్ను కట్టిపడేసిన గొంతు అదే. పాతికేళ్ళప్పుడు ఆయన వేళ్ళన్నీ బాగున్న రోజుల్లో ఆ దారిన వెళ్ళాల్సిన అవసరమే ఉండి ఉండదు.

రెండో పాటకి మామయ్య నా మోచెయ్యి తట్టి, "వాయించే ఆయన్ని కాదమ్మాయ్, ఊరుకున్న ఆయన్ని చూడు" అన్నాడు.

ఊరుకున్నాయన ఊరికే లేడు. పెద్దాయన సోలో అందుకోబోయే ముందు రెండో ఆయన కుడిచేతి చిటికెన వేలితో గిటార్ మీది వాల్యూమ్ నాబ్‌ని రవ్వంత వెనక్కి తిప్పాడు. పిక్‌ని పెదాల మధ్య పెట్టుకుని వేళ్ళతో మీటడం మొదలెట్టాడు. దీన్ని కాంపింగ్ అంటారు. ఒకరు సోలో వాయిస్తుంటే రెండోవాళ్ళు కింద కార్డ్స్, అంటే ఒకేసారి కలిపి మోగించే స్వరాలు, అందిస్తూ ఉండటం. ఆరు తీగలూ బరబరా గీకడం కాదు. చాలాసార్లు రెండే స్వరాలు. కార్డ్ మేజరో మైనరో, అంటే ఉల్లాసమో దిగులో, తేల్చేది మూడో స్వరం, అక్కణ్ణుంచి ఎటు పోవాలో చెప్పేది ఏడో స్వరం. ఆ రెండూ ఉంటే చాలు, మిగతాది మన చెవి నింపుకుంటుంది. ఎక్కడ వెయ్యాలన్నది లెక్కతో తేలదు. సోలో వాయించే మనిషి ఊపిరి తీసుకునే సందు కనిపెట్టి అక్కడ వెయ్యాలి.

మామయ్యకి ఈ పేర్లేవీ తెలియవు. కానీ ఇంటికొచ్చే దారిలో ఆటోలో ఆయన చెప్పిందీ ఇదే. పద్యం చివర నటుడు రాగం తీస్తాడు. ఎంతసేపు తీస్తాడో, ఎటు మలుపు తిప్పుతాడో అతనికే తెలియదు. హార్మోనియం పెట్టె అరక్షణం వెనకే నడవాలి. ముందుకెళ్తే నటుణ్ణి తోసినట్టు, మరీ వెనకబడితే నడివీధిలో వదిలేసినట్టు. "కుర్రతనంలో నేనూ పద్యగాడితో పోటీపడి వాయించేవాణ్ణి. జనం నాకూ చప్పట్లు కొట్టేవాళ్ళు. తగ్గి వాయించడం నాకు 50 దాటాక వచ్చింది" అన్నాడు. గిటార్ చరిత్ర మీద నేను చదివిన వ్యాసాలన్నిటికన్నా ఆ ఒక్క మాట నాకు ఎక్కువ నేర్పింది.

ఆ చరిత్రలోంచే ఒకాయన్ని చెప్తాను. ఫ్రెడ్డీ గ్రీన్. 1937లో కౌంట్ బేసీ జాజ్ బృందంలో గిటారిస్టుగా చేరి 1987లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. 50 ఏళ్ళు! అంత పెద్ద ఊదే వాయిద్యాల బృందం మధ్య ఆంప్ లేకుండా మామూలు గిటార్. సోలోలు దాదాపు వాయించలేదు. బార్‌కి, అంటే మన తాళంలో ఆవర్తం లాంటిదానికి, నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకి చాలాసార్లు ఒకటో రెండో స్వరాలు. బృందం నడక మొత్తం ఆయన మీద ఆనుకుని నడిచింది. జిమ్ హాల్ ఇంకో రకం. 1962లో బిల్ ఎవాన్స్ పియానోతో కలిసి ఇద్దరే రికార్డు చేశారు, వినండి. ఎవాన్స్ వాయిస్తుంటే హాల్ ఎన్నిసార్లు మౌనంగా ఉండిపోతాడో లెక్కపెట్టండి. 2013 డిసెంబర్‌లో, 83 ఏళ్ళ వయసులో పోయాడు, అంతకు కొద్ది వారాల ముందు కూడా స్టేజీ మీద వాయించాడు.

ఇక వెనక బల్ల సంగతి. ఆరుగురు. ఎవరికో ప్రమోషన్ వచ్చిందట, కేక్ తెచ్చారు. మొదటి రెండు పాటలు స్పీడ్‌గా ఉన్నాయి, బాగానే విన్నారు, ఈల కూడా వేశారు. మూడోది నెమ్మదైన పాట. మొదలై నిమిషం కాకముందే అప్రైజళ్ళు, కోకాపేటలో ఫ్లాట్ రేట్లు, ఎవరి మేనేజర్ ఎలాంటివాడు. గొంతులు పెరిగాయి. పాట మధ్యలోనే "ఫాస్ట్‌ది ఏదైనా కొట్టమనరా బాబూ" అన్నాడొకతను. నేను లేచి వెళ్ళి "అన్నా, ఈ పాట అయ్యేదాకా కొంచెం మెల్లగా మాట్లాడరా?" అని అడిగాను. "అక్కా, పబ్‌కొచ్చి మాట్లాడొద్దంటే ఎలా?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు.

అందుకే ఇక్కడ జవాబు చెప్తున్నా తమ్ముడూ. మాట్లాడుకోవడానికి ఆ రోడ్డులో పబ్బులకి కొదవ లేదు. ఇక్కడ గుమ్మం దగ్గర పలక మీద సుద్దతో ఇద్దరి పేర్లు రాసి ఉన్నాయి. మనిషికి 750 రూపాయల కవర్ చార్జ్ కట్టి లోపలికొచ్చాం, మీరూ కట్టారు. కట్టింది గోడలకి కాదు కదా. న్యూయార్క్‌లో విలేజ్ వాన్‌గార్డ్ అని 1935 నుంచి ఉన్న క్లబ్ ఉంది. నేలమాళిగ, 123 మందికే చోటు. ప్రపంచంలో గొప్ప జాజ్ రికార్డులు కొన్ని అక్కడే, జనం మధ్యే తీశారు. అలాంటి గది బతికేది మంచి స్పీకర్ల వల్ల కాదు, కూర్చున్నవాళ్ళ చెవుల వల్ల. ఇద్దరు మనుషులు ఒకరి ఊపిరి ఒకరు వింటూ వాయించే సంగీతం ఇది. మన మాట పైకొస్తే వాళ్ళిద్దరికీ ఒకరిది ఒకరికి వినిపించదు. చెడేది మా వినోదం ఒక్కటే కాదు, వాళ్ళ వాయింపే చెడుతుంది.

పాట నెమ్మదించగానే మాటలు మొదలవడానికీ, చివర్లో "ఈ వయసులో కూడా" అనడానికీ నాకు ఒకటే కారణం కనిపిస్తోంది. స్పీడే సంగీతం అనుకుంటున్నాం. నెమ్మదిస్తే ఏమీ జరగట్లేదని, ఆయాసం తీర్చుకుంటున్నారని అనుకుంటాం. మళ్ళీ స్పీడ్ అందుకుంటే "అబ్బో, ఈ వయసులో కూడా!" అంటాం. వాళ్ళు 50 ఏళ్ళు సాధన చేసి సంపాదించిందేమో ఆ నెమ్మదిలో ఉంది. మనం దాన్ని వదిలేసి, వాళ్ళ దగ్గర ఇంకా మిగిలున్న కుర్రతనానికి చప్పట్లు కొడుతున్నాం.

వయసు ఏమీ తీసుకోదని నేననట్లేదు. తీసుకుంటుంది. ఆ ఉంగరం వేలు చూశాను కదా. అమెరికన్ గిటారిస్టు లెస్ పాల్‌కి కీళ్ళవాతంతో వేళ్ళు చాలామటుకు వంగేవి కావు. అయినా 94 ఏళ్ళకి 2009లో పోయేదాకా న్యూయార్క్‌లో ఒక క్లబ్‌లో ప్రతి సోమవారం వాయించాడు, పనిచేసే వేళ్ళకి సరిపడేలా తన పద్ధతినే మార్చుకుని. అలాగని పెద్దవాళ్ళందరూ గొప్పగా వాయిస్తారని కూడా కాదు. ముప్పై ఏళ్ళ కిందటి సోలోనే అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పేవాళ్ళనీ విన్నాను, మధ్యలో లేచి వచ్చేశాను. నేనడిగేది ఒకటే. బాగుంటే బాగుందనండి, లేకపోతే లేదనండి. వయసుకి మార్కులు కలిపి పాస్ చెయ్యొద్దు.

ఈ తప్పు రెండో వైపూ చేశాం. పాలకొల్లులో పుట్టిన మన మాండలిన్ శ్రీనివాస్ 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో మొదటి కచేరీ చేశాడు. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించేనాటికి ఇంకా పద్నాలుగేళ్ళ పిల్లాడు. తర్వాత జాజ్ గిటారిస్టు జాన్ మెక్‌లాక్లిన్ పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి వాయించాడు. మా ఇంట్లో ఆయన ప్రస్తావన వస్తే ఇప్పటికీ మొదట వచ్చే మాట "అంత చిన్న వయసులో" అనే. ఆ గమకం మాండలిన్ మీద ఎలా పలికించాడు అన్న మాట ఎప్పుడో చివర్న వస్తుంది, వస్తే. 2014లో, 45 ఏళ్ళకే వెళ్ళిపోయాడు. పెద్దయ్యాక ఆ చేతులు ఏం వాయించేవో మనకి దక్కలేదు.

దక్కకుండా పోయినది నాకు ఇంకొకటి ఉంది. కోల్‌కతాలో కార్ల్‌టన్ కిట్టో అనే బీబాప్ (జాజ్‌లో ఒక శైలి) గిటారిస్టు ఉండేవారు, అక్కడే వాయిస్తూ, పిల్లలకి నేర్పుతూ. అదే ఊళ్ళో నేను రెండేళ్ళు ఉద్యోగం చేశాను. ఈ వారం కాకపోతే వచ్చే వారం అనుకుంటూ ఒక్కసారీ వెళ్ళలేదు. 2016లో ఆయన పోయారన్న వార్త ఆఫీసు క్యాబ్‌లో ఫోన్‌లో చూశాను. ఆ బాధ ఇంకా తగ్గలేదు. అందుకే బెంగళూరులో పెద్దవాళ్ళు ఎవరు వాయిస్తున్నా సిల్క్ బోర్డ్ ట్రాఫిక్ దాటుకుని మరీ వెళ్తున్నాను.

వెనక బల్ల తమ్ముళ్ళలో ఎవరైనా ఇది చదువుతుంటే, మీరు మూడో పాటలో ఏం పోగొట్టుకున్నారో చెప్తాను వినండి. పాట సగంలో పెద్దాయన సోలోలో ఉన్నారు. పైకి వెళ్ళే చోట వాచిన వేలే ముందుకొచ్చింది. స్వరం తప్పింది, ఒక మెట్టు కిందది మోగింది. నాకే తెలిసిపోయింది, మామయ్య అయితే "అయ్యో" అన్నాడు. ఆ "అయ్యో" పూర్తయ్యేలోపే రెండో ఆయన కింద కార్డ్ మార్చేశాడు. రెండు స్వరాలే వేశాడు. ఆ రెండిటి మీద తప్పు స్వరం తప్పుగా లేదు, అక్కడికి రావాలనే వచ్చినట్టుంది. పెద్దాయన తలెత్తి ఆయన వైపు చూశాడు. ఏమీ అనలేదు. 32 బార్లు తిరిగి మళ్ళీ అదే చోటు వచ్చింది. ఈసారి పెద్దాయన ఒక్క క్షణం ఆగి, ఆ తప్పు స్వరాన్నే కావాలని, బాగున్న వేలితో, లావు తీగ మీద మీటాడు. కింద ఆ కార్డ్ అప్పటికే సిద్ధంగా ఉంది.

మామయ్య రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. సరిగ్గా అప్పుడే మీరు కొవ్వొత్తి ఊదారు.