శ్వాననిద్రతో చదువుకు గండి

విద్యార్థికి ఉండవలసిన అయిదు లక్షణాలను చెప్పే సంస్కృత శ్లోకం ఒకటి మనలో చాలామంది బడిలో విన్నదే: కాకిలాంటి ప్రయత్నం, కొంగలాంటి ఏకాగ్రత, కుక్కలాంటి నిద్ర, మితాహారం, గృహత్యాగం. తెలుగు రాష్ట్రాల్లోని ఇంటర్మీడియట్ రెసిడెన్షియల్ కళాశాలల్లో చాలా వరకు ఈ అయిదింటిలో చివరి మూడింటినీ తు.చ. తప్పకుండా అమలు చేస్తున్నాయని హాస్టల్ భోజనం ఎరిగినవారు ఒప్పుకుంటారు. అయితే శ్వాననిద్ర అంటే చిన్న అలికిడికే మేలుకునే చురుకుదనమే తప్ప తక్కువ నిద్ర కాదు. నిజానికి కుక్క రోజులో దాదాపు సగం నిద్రలోనే గడుపుతుంది.

నిరుడు బంధువుల అబ్బాయిని చేర్పించడానికి అలాంటి ఒక హాస్టల్‌కు వెళ్లినప్పుడు గోడకు అంటించిన టైమ్‌టేబుల్ చూశాను. ఉదయం 5 గంటలకు నిద్ర లేపే గంట, 5.45కి మొదటి స్టడీ అవర్, రాత్రి 10.30కి చివరి స్టడీ అవర్ ముగింపు, 11కి లైట్లు ఆర్పడం. స్నానానికి, టిఫినుకు, డౌట్లు అడగడానికి కూడా గడులున్న ఆ పట్టికలో నిద్రకు మాత్రం గడి లేదు. సంక్రాంతి సెలవులకు వచ్చినప్పుడు వాడి కెమిస్ట్రీ నోట్సు తిరగేస్తే, బెంజీన్ వలయం నాలుగో భుజం దగ్గర పెన్ను గీత దారితప్పి పేజీ అడుగుదాకా జారిపోయి కనిపించింది. ఇదేమిటని అడిగితే, ‘అప్పుడప్పుడూ అలా అవుతుంది బాబాయ్, నాకు తెలియను కూడా తెలియదు’ అన్నాడు. కళ్లు తెరిచి ఉన్నా మెదడు కొన్ని సెకన్లపాటు తనంతట తానే నిద్రలోకి జారుకునే ఈ స్థితిని మైక్రోస్లీప్ అంటారు.

నిద్రలో కోత పెట్టిన ప్రతి గంటా చదువులో కలుస్తుందన్న లెక్క మీద ఈ టైమ్‌టేబుళ్లు నడుస్తున్నాయి. ఆ లెక్కే తప్పని నా వాదన. చదివినది మనసులో నిలవడమనే పని పుస్తకం మూయగానే పూర్తి కాదు. అందులో ముఖ్యమైన భాగం ఆ తర్వాత నిద్రలో జరుగుతుంది. 1924లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ పరిశోధకులు జెంకిన్స్, డాలెన్‌బాక్ కలిసి, ఇద్దరు విద్యార్థులచేత పదేసి అర్థంలేని అక్షరాల జాబితాలు కంఠస్థం చేయించి, 8 గంటల తర్వాత పరీక్షించారు. ఆ సమయం నిద్రలో గడిచినప్పుడు పదింటిలో అయిదారు గుర్తుండగా, మెలకువగా గడిచినప్పుడు మిగిలింది సుమారు ఒక్కటే. కారణమేమిటన్నది తెలియడానికి చాలాకాలం పట్టింది. 1994లో విల్సన్, మెక్‌నాటన్ అనే పరిశోధకులు ఎలుకల మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్ అనే భాగాన్ని గమనించి, మెలకువలో తిరుగుతున్నప్పుడు కలిసి స్పందించిన కణాలు ఆ తర్వాతి గాఢనిద్రలోనూ మళ్లీ కలిసి స్పందిస్తున్నాయని చూపించారు. పగలు నడిచిన దారిని మెదడు నిద్రలో వల్లె వేసుకుంటోందన్నమాట.

నిద్రలో మెదడు తన చెత్తను కడిగేసుకుంటుందన్న మాట ఈమధ్య ఆరోగ్య శీర్షికలన్నింటిలో కనిపిస్తోంది. 2013లో ఎలుకల మీద వచ్చిన ఆ ఫలితానికి విరుద్ధమైన ఫలితం 2024లో వచ్చింది కాబట్టి దాని మీద నా వాదనను నిలబెట్టను. ఆ అవసరం కూడా లేదు.

తెల్లవారుజామున చదివితే బాగా తలకెక్కుతుందన్న పెద్దల మాటను హాస్టళ్లు తరచూ సాక్ష్యంగా తెస్తాయి. ఆ పెద్దలు దీపాలు పెట్టిన కొద్దిసేపటికే అన్నం తిని పడుకునేవారన్న సంగతిని మాత్రం వదిలేస్తాయి. రాత్రి మొదటి భాగంలో గాఢనిద్ర, తెల్లవారే వేళకు కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్ర అధికంగా ఉంటాయి కాబట్టి, ఎనిమిది గంటల నిద్రలో చివరి రెండు గంటలు కోసేస్తే పోయేది నాలుగో వంతే అయినా రెమ్ నిద్రలో అంతకంటే ఎక్కువ భాగం పోతుంది. పైగా కౌమారంలో శరీర గడియారమే వెనక్కి జరిగి, నిద్ర ముంచుకొచ్చే వేళ ఆలస్యమవుతుంది. 13 నుంచి 18 ఏళ్లవారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్రవైద్య నిపుణుల సంఘం చెబుతుండగా, నేను చూసిన పట్టికలో మిగిలింది 6 గంటలు.

ఆరు గంటలు చాలవా అని అడిగేవారికి 2003లో వాన్ డాంగెన్ బృందం ప్రచురించిన ప్రయోగం జవాబిస్తుంది. 14 రోజులపాటు రోజుకు 6 గంటలకు మించి పడుకోనివ్వని వయోజనుల్లో ఏకాగ్రత క్రమంగా క్షీణించి, చివరికి పూర్తిగా నిద్రలేని రాత్రి గడిపినవారి స్థాయికి దిగజారింది. నన్ను కలవరపెట్టేది మరొకటి: తమకు కొద్దిగా మాత్రమే నిద్రమత్తుగా ఉందని వాళ్లు చెప్పుకున్నారు. అలవాటైపోయిందని పిల్లలు అంటే, దాన్ని ఓర్పుగా భావించి సంతోషించడానికి లేదు. 17 గంటలు మేలుకున్న మనిషి చేయి, కన్ను కలిసి చేయాల్సిన పనిలో, రక్తంలో ప్రతి 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడిలా తడబడతాడని 1997లో తేలింది. మన దేశంలో వాహనం నడపడానికి పరిమితి 30 మిల్లీగ్రాములు. ఉదయం 5కి లేచిన పిల్లవాడికి రాత్రి 10కి సరిగ్గా 17 గంటలు పూర్తవుతాయి. ఆ వేళకు వాడి ముందు ఇంటిగ్రేషన్ లెక్కలుంటాయి.

ర్యాంకుల పోటీలో ఒక్క కళాశాల సమయం తగ్గిస్తే పక్క కళాశాల దాన్నే ప్రచారం చేసుకుంటుందన్న భయం అర్థం చేసుకోదగినదే. అందుకే ఈ నిర్ణయాన్ని యాజమాన్యాలకు వదిలేయకుండా, ఉదయపు స్టడీ అవర్ 7 గంటలకు ముందు మొదలవకూడదని, రాత్రి 10కి లైట్లు ఆరిపోవాలని ఇంటర్ బోర్డులే అందరికీ ఒకే నియమం పెట్టడం మేలు. అమెరికాలోని సియాటిల్ నగరంలో 2016లో హైస్కూళ్ల ప్రారంభ వేళను 7.50 నుంచి 8.45కు మార్చితే పిల్లలకు రోజుకు 34 నిమిషాల నిద్ర అదనంగా దక్కింది. పొద్దున్నే బస్సు పట్టుకోవాల్సిన పిల్లలున్న ఊళ్లోనే అది సాధ్యమైంది. మన హాస్టళ్లలో చాలాచోట్ల పిల్లవాడి మంచానికీ తరగతి గదికీ మధ్య ఉన్నది ఒక మెట్ల వరుస మాత్రమే.