తోడేలు మనిషిని కాపాడే ఇమ్యూనిటీ గారికి

స్వామీ ఇమ్యూనిటీ గారూ,

తిరుపతిలో ముక్కూమొహం తెలియని వాళ్లనైనా 'స్వామీ' అనే పిలుస్తాం. మీకూ అదే మర్యాద. ఆటలో రాక్షసులకు కొన్ని దెబ్బలు అసలు ఎక్కకుండా చేసే నియమం మీరే కదా.

పోయిన ఆదివారం మా మిద్దె మీద నలుగురం పాచికలు వేసి కథ నడిపే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఆడుతున్నాం. 2014 నాటి ఐదో ఎడిషన్. తోడేలు మనిషి ఎదురొచ్చాడు. నా కత్తి దెబ్బ గట్టిగా తగిలింది, 11 డ్యామేజ్, అంటే వాడి ప్రాణంలో 11 తగ్గాలి. డీఎంగా, అంటే ఆట నడిపేవాడిగా, కూర్చున్న అన్న తల కూడా ఎత్తకుండా "సున్నా" అన్నాడు. బాణం వేశాం, సున్నా. సుత్తితో మోదాం, అదీ సున్నానే. మంత్రం గానీ వెండి పూత గానీ లేని దాడి ఏదీ వాడికి తగలదని మీరు రాయించి పెట్టారట. కత్తి ఖరీదు 15 బంగారు నాణేలు, దానికి వెండి పూత 100. బంగారం పోసి వెండి పూయించుకోమంటే మా ఊరి నగల కొట్టువాళ్లు కూడా నవ్వుతారు స్వామీ.

అప్పుడు మా వాడొకడు మీ వాక్యం మళ్లీ చదివాడు. 'దాడి' అని కదా ఉంది, కింద పడటం దాడి కాదు కదా! డీఎం అన్న ఆ కొండను తలకోన జలపాతం చూసి గీశాడు, 270 అడుగులు. తోసేశాం. పడే ప్రతి పది అడుగులకూ డ్యామేజ్ లెక్కకు ఒక పాచిక, 20 పాచికలతో ఆపేస్తారు కాబట్టి ఆఖరి 70 అడుగులు ఉచిత దర్శనం. సగటున 70 డ్యామేజ్, వాడి ప్రాణం 58. పోయాడు.

ఇంతకీ ఆ నేలకు వెండి పూత ఎవరు వేయించారు?

ఇద్దరు తోడేలు మనుషులు కరుచుకుంటే? పళ్లకు పూత లేదు, మంత్రమూ లేదు. మా పెదనాన్నల పొలం కేసులాగా తరాలు గడిచినా తేలదు. అస్థిపంజరానికి విషం ఎక్కదంటే సరే, ఎక్కడానికి నెత్తురేది? కానీ పెద్ద విషసర్పానికి మాత్రం విషం నుంచి రక్షణ లేదు. దాని మీద మీకేం కోపమో.

2025లో వచ్చిన కొత్త రాక్షసుల పుస్తకంలో తోడేలు మనిషి దగ్గర మీ ఉద్యోగం పోయిందని తెలిసి కాస్త జాలేసింది. భయపడకండి, మేమింకా పాత పుస్తకంతోనే ఆడతాం. ఈ ఆదివారానికి వెండి పూత వేయించలేదు, ఒక్క నాణెం పెట్టి 50 అడుగుల తాడు కొన్నాను. ఈసారి ఎదురొచ్చే తోడేలు మనిషిని కొండ పైకి ఈడ్చుకెళ్లడానికి. కొండలకేం, మా దగ్గర ఏడున్నాయి.

ఇట్లు,
సున్నా డ్యామేజ్ వీరుడు