ఆఫ్ లేని స్విచ్చి

మా బావమరిది ఎలక్ట్రిక్ గిటార్ తయారు చేస్తానంటే ఇంట్లో ఎవరూ అడ్డు చెప్పలేదు, పాత టేకు తలుపు కోసేదాకా. చెక్క పని బాగానే కుదిరింది, మెడ ఆన్‌లైన్‌లో కొన్నాడు, తీగలు తెచ్చుకున్నాడు. మిగిలింది వైరింగ్. ఆ మాట మా మావయ్య గారి చెవిన పడకుండా ఉండాల్సింది.

మావయ్య గారిది సత్యనారాయణపురంలో ఫ్యాన్ల వైండింగ్ షాపు. బెజవాడ ఎండలు ఆయనకి పండగ సీజను. కాయిల్ అన్నది ఈ భూమ్మీద ఎక్కడున్నా అది తన శాఖేనని ఆయన నమ్మకం. మావాడు పికప్ చూపించి, ఇందులో అయస్కాంతాల చుట్టూ వెంట్రుకంత సన్నం తీగ ఏడెనిమిది వేల చుట్లు ఉంటుంది నాన్నా, పైన స్టీలు తీగ ఊగితే కాయిల్లో కరెంటు పుడుతుంది అంటే, ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చాలాసేపు చూసి, "ఎవడు చుట్టాడో గానీ మహానుభావుడు" అన్నారు. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఏ పికప్ మోగాలో ఎంచుకునే మీట, సెలెక్టర్ స్విచ్చి, బయటికొచ్చింది.

"ఐదు పాయింట్లా? రెగ్యులేటరేగా!"

కాదు నాన్నా అంటూ మావాడు చరిత్రంతా విప్పాడు. 1954లో ఫెండర్ వాళ్ల స్ట్రాటోకాస్టర్ వచ్చినప్పుడు మూడు పికప్పులకి మూడు పాయింట్ల స్విచ్చే ఉండేదట, వాయించేవాళ్లు మీటని రెండింటి మధ్యలో ఇరికించి రెండు పికప్పులూ కలిసిన గొంతు రాబట్టేవాళ్లట, చివరికి 1977లో కంపెనీయే ఐదు పాయింట్లది పెట్టిందట.

"అదేరా నేను చెప్పేది. మూడు స్పీడ్లది ఐదు స్పీడ్లు చేశారు" అని ఆయన సోల్డరింగ్ ఐరన్ ప్లగ్గులో పెట్టేశారు.

ఆయన తరఫున కూడా ఒక మాట చెప్పాలి. రెండు పికప్పులు కలిపి వాయిస్తే శబ్దం పీలగా, ముక్కులోంచి వచ్చింది. మావాడు ఫోన్లో వీడియోలు వెతుకుతుంటే ఆయన తల కూడా ఎత్తకుండా "ఒక కాయిల్ రివర్స్ పడింది" అని, ఒకదాని వైర్లు రెండూ అటూ ఇటూ మార్చి అతికించారు. గొంతు నిండుగా వచ్చేసింది! ఆ ఒక్క విజయమే మా కొంప ముంచింది, ఎందుకంటే ఆ తర్వాత ఆయన్ని ఆపే నైతిక హక్కు ఎవరికీ లేకుండా పోయింది.

మావాడు పని మీద బయటికి వెళ్లాడు. నేను టార్చి పట్టుకున్నాను. "ఇందులో ఆఫ్ ఏది, అల్లుడు గారూ?" అన్నారు. లేదండి, వాల్యూమ్ తగ్గించుకోవడమే అన్నాను. ఆఫ్ లేని స్విచ్చి ఇంట్లో ఉండకూడదని, మొదటి పాయింటు ఖాళీగా వదిలేసి, అక్కడికి రావాల్సిన పికప్‌ని నడిమి దానికి జత చేసేశారు. శబ్దంలో పదును తగ్గించే టోన్ నాబ్ దగ్గరున్న బుల్లి కండెన్సర్ మీద 0.047 మైక్రోఫారడ్ అని చదివి జాలిపడి, "ఫ్యాన్‌కే రెండున్నర వేస్తాం, దీంతో ఏం నడుస్తుంది?" అని షాపులోంచి 2.5 కండెన్సర్ తెప్పించారు. అది పట్టక వెనక చెక్క ఇంకాస్త తొలిచారు.

వినాయక చవితి పందిట్లో మావాడి బ్యాండు. సోలో వచ్చింది. మావాడు కళ్లు మూసుకుని, మీటని ఒకటో పాయింటుకి తోసి, వేళ్లు పరిగెత్తించాడు. నిశ్శబ్దం. మొహంలో భావం పలుకుతోంది గానీ స్పీకర్లో ఏమీ లేదు. పాట అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొట్టారు, పంతులు గారు గంట అందుకున్నారు. మావాడు కళ్లు తెరిచి రెండులో పెట్టాడు, వచ్చింది. మూడులో పెట్టాడు, అదే వచ్చింది. టెన్షన్‌లో టోన్ పూర్తిగా తిప్పేశాడు, పై స్వరాలన్నీ కొట్టుకుపోయి అడుగున బుంబుం మిగిలింది.

"కండెన్సర్ ఎలా లాగుతోందో చూశారా?" అన్నారు మావయ్య గారు నాతో, ముందు వరసలోంచి.

ఇంటికొచ్చాక మావాడు ఎగిరాడు. "రెండుకీ మూడుకీ తేడా లేదు నాన్నా!"

"ఏ ఇంట్లో ఫ్యాన్‌కి ఉందిరా తేడా?"

దానికి మా దగ్గర సమాధానం లేదు. ఈలోగా బ్యాండులో ఇంకో కుర్రాడు ఆ మీటని ఒకటికీ రెండుకీ మధ్య టకటకా ఆడించి, శబ్దం తెగుతూ వస్తుంటే మురిసిపోయాడు. దీనికోసం విడిగా కిల్ స్విచ్ పెట్టించుకుంటారట. మర్నాడు పొద్దున్నే తన గిటార్ భుజాన వేసుకుని షాపుకొచ్చాడు. "అంకుల్, నాక్కూడా ఆఫ్ పెట్టండి."

మావయ్య గారు గిటార్ని తిరగేసి చూశారు.

"ఆఫ్‌కి వంద. కండెన్సర్ వేరే."